గ్యాలరీ మెట్ల కింద ఏముంది? కామవరపుకోట నుంచి ఫతే మైదాన్ దాకా

ఈ ఎపిసోడ్ కూడా చరిత్ర గురించే. కాకపోతే ఈసారి కోటలు, శాసనాలు, రాజుల పేర్లు కాదు. ఒక ఫుట్‌బాల్ స్టేడియం గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, స్టేడియంలో మనం కూర్చునే మెట్ల గురించి. వాటిని ఇప్పుడు అందరూ స్టాండ్స్ అంటున్నారు గానీ మా మావయ్య గ్యాలరీ అనేవాడు. నేనూ అదే అంటాను.

మాది కామవరపుకోట. ఏలూరు జిల్లా. మా మండలంలోనే గుంటుపల్లి కొండ ఉంది. క్రీస్తుకి ముందు బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలు, స్తూపాలు, గుండ్రటి చైత్యగృహం అక్కడే ఉన్నాయి. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే మేం గుహల కంటే పైకెక్కే మెట్ల దగ్గరే ఎక్కువ ఆడుకునేవాళ్ళం. అప్పుడు మా మాస్టారు ఒక మాట అన్నారు. "ఒరే, మెట్టు అరిగిందంటే దాని మీద మనుషులు నడిచారని అర్థం. చూసుకుని ఎక్కండి." అది నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ ఎపిసోడ్ అంతా ఆ మాట పట్టుకునే నడుస్తుంది.

ఇక మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మకి అన్నయ్య. కుర్రతనంలో ఊళ్ళో పని దొరక్క హైదరాబాద్ వెళ్ళి ఆబిడ్స్ వైపు ఒక హోటల్లో చాలా ఏళ్ళు పని చేశాడు. అరవైల్లో మొదలుపెడితే డెబ్బైల మధ్యదాకా. తర్వాత ఊరికి తిరిగొచ్చి కొద్దిపాటి పొలం చేసుకున్నాడు. మా వీధిలో పిల్లలం రబ్బరు బంతితో ఆడుతుంటే అరుగు మీద కూర్చుని ఒకటే అరిచేవాడు. "ఎడం కాలితో కొట్టరా! కుడికాలు అందరికీ ఉంటుంది!" మాకు నవ్వొచ్చేది. మా ఊళ్ళో ఆటంటే క్రికెట్టు, కబడ్డీ, వాలీబాలు. ఫుట్‌బాల్ సంగతి ఈయనకెందుకు అనుకునేవాళ్ళం. సాయంత్రం పూట "పోలీసోళ్ళ ఆట చూడాలిరా, ఆ గ్యాలరీలో జనం..." అని మొదలెట్టేవాడు. నేను ఫోన్ చూస్తూ ఊఁ కొట్టేవాణ్ణి. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో నేను ఒక్కసారి కూడా వినలేదు.

2024 నవంబరు 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో భారత్, మలేషియా మ్యాచ్ ఉందని తెలిసింది. మావయ్య కొడుకు, అంటే మా బావ, అక్కడే ఉద్యోగం చేస్తాడు. ఫోన్ చేసి "బావా, వస్తావా" అన్నాడు. ఏలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి లింగంపల్లి. అక్కడికి గచ్చిబౌలి దగ్గరే.

స్టేడియం గేటు దగ్గరకి వెళ్ళగానే ఆగిపోయాను. జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. ఎంతమంది ఆ పేరు కింద నుంచి లోపలికి వెళ్ళుంటారు! మా జిల్లావాళ్ళకి మాత్రం ఆ పేరు వింటే ఒక చేపల చెరువు గుర్తొస్తుంది. 2002 మార్చి 3న అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరారు. ఆయన ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో, కొల్లేటి చేపల చెరువుల మధ్య కూలిపోయింది. లోక్‌సభ స్పీకర్ అయిన తొలి దళితుడు ఆయన. అమలాపురం ఎంపీ. అప్పట్లో కైకలూరు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారాక ఇప్పుడు మా ఏలూరు జిల్లాలోకి వచ్చింది. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి. పెద్దవాళ్ళంతా టీవీ ముందు మాట్లాడకుండా నిలబడ్డం ఒక్కటే గుర్తు.

అదే ఏడాది చివర హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. వాటి కోసం కట్టిన స్టేడియానికే ఆయన పేరు పెట్టారు. అంటే కొల్లేటి నీళ్ళలో మునిగిన పేరు గచ్చిబౌలి రాళ్ళ మీద నిలబడిందన్న మాట. మీరు ఏ స్టేడియానికి వెళ్ళినా ముందు గేటు మీది పేరు చదవండి. సగం చరిత్ర అక్కడే ఉంటుంది.

లోపలికి వెళ్ళాం. ఇది అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉంటుంది. అందుకని గ్యాలరీకీ ఆటకీ మధ్య దూరం ఎక్కువ. ఫుట్‌బాల్ కోసమే కట్టినవాటిలో గోల్ వెనక కూర్చున్నవాడికి ఆటగాడి ఊపిరి వినిపిస్తుందంటారు. ఇక్కడ అది కుదరదు. అయినా జనం అరుపులకి లోటు లేదు. మొదటి సగంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకొచ్చి తడబడితే మలేషియా గోల్ కొట్టింది. తర్వాత రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేశాడు. 1-1. అంతే. 2024 మొత్తం మీద మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాదికి అదే చివరిది.

అప్పటి మన కోచ్ మనోలో మార్క్వెజ్‌కి హైదరాబాద్ కొత్త కాదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022 మార్చి 20న ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టింది ఆయనే. కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచారు. కాకపోతే అది గోవాలో. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం అక్కడే జరిగింది. హైదరాబాద్ జట్టు ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్ గ్యాలరీలో ఒక్క మనిషి కూర్చోలేదు. తర్వాత ఆ క్లబ్బుకి డబ్బు కష్టాలు వచ్చాయి, యజమానులు మారారు, 2025లో అది ఢిల్లీకి వెళ్ళి పేరు కూడా మార్చుకుంది.

మ్యాచ్ అయ్యాక మెట్లు దిగుతూ బావ అన్నాడు. "నాన్న చెప్పే గ్యాలరీ ఇది కాదు బావా. ఆయన ఉన్నప్పుడు ఇది లేదు కదా. అది ఫతే మైదాన్."

మర్నాడు పొద్దున్నే మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్ళాం. నిజాం కాలేజీ ఎదురుగా లాల్ బహదూర్ స్టేడియం. అందరూ ఎల్బీ స్టేడియం అంటారు. మెట్ల కింద బయటివైపు షాపులు, ఆఫీసులు. లోపల పిల్లలు పరిగెడుతున్నారు, ముసలివాళ్ళు వాకింగ్ చేస్తున్నారు. మేం పైకెక్కి పై వరసలో కూర్చున్నాం. కూర్చున్న చోటి నుంచే కిందకి తవ్వుకుంటూ వెళ్దాం రండి.

అన్నిటికంటే కింది పొర 1687. అప్పటికి గోల్కొండని అబుల్ హసన్ తానీషా ఏలుతున్నాడు. భద్రాచలం రామదాసు కథలో వచ్చే తానీషా ఆయనే. ఔరంగజేబు సైన్యం గోల్కొండని ఎనిమిది నెలలు ముట్టడించింది. చివరికి లోపలివాడే ఒకడు తలుపు తీస్తేగానీ కోట పడలేదు. ఆ ముట్టడిలో మొఘల్ సైన్యం డేరాలు వేసుకున్న ఖాళీ స్థలాల్లో ఇదొకటి. గెలిచాక దీనికి ఫతే మైదాన్ అని పేరొచ్చింది. ఫతే అంటే విజయం. ఇక్కడ ఒక్కమాట. గెలిచినవాళ్ళకి ఇది విజయ మైదానం. ఓడినవాళ్ళకి? ఆ ఓడిన గోల్కొండ రాజ్యంలో మా ఏలూరు కూడా ఉంది. తర్వాత మొఘలులు, ఆ తర్వాత నిజాం. 1766లో నిజాం మిగతా ఉత్తర సర్కారులతో పాటు ఏలూరు సర్కారుని కూడా ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చే ఒప్పందం చేసుకునే ముందు మా ఊరి శిస్తు చాలాకాలం ఇటువైపే వచ్చేది. మేం పరాయి ఊరికి రాలేదు అని బావతో అంటే నవ్వాడు.

దాని పైన నిజాముల కాలం. ఇక్కడ గుర్రాల మీద పోలో ఆడేవారు. అంటే ఆడేది గొప్పవాళ్ళు, చూసేది కూడా ఎక్కువగా గొప్పవాళ్ళే.

దాని మీద 1955 నవంబరు. హైదరాబాద్‌లో మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్, న్యూజిలాండ్ మీద, ఇదే మైదానంలో జరిగింది. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అది. 1999లో సచిన్ 186 నాటౌట్ కొట్టిందీ ఇక్కడే, మళ్ళీ న్యూజిలాండ్ మీదే. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. 2005 నుంచి పెద్ద క్రికెట్ మ్యాచ్‌లు ఉప్పల్‌కి పోయాయి.

ఆ పైన రాజకీయం. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు రాజ్‌భవన్ వదిలేసి ఇక్కడ, జనం మధ్యలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 2004లో రాజశేఖర రెడ్డి గారు, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి గారు కూడా ఇక్కడే. పార్టీలు వేరు, గ్యాలరీ ఒకటే. ఎందుకంటే గెలిచినవాడికి జనం కనపడాలి, జనానికి గెలిచినవాడు కనపడాలి. ఆ రెండూ ఒకేసారి జరిగేది మెట్ల మీద కూర్చున్నప్పుడే.

ఇంతవరకూ గూగుల్‌లో కొడితే మీకూ వస్తుంది. అందులో చివరి వరసకి పోయేది ఫుట్‌బాల్. మావయ్య చెప్పాలనుకున్నది మాత్రం అదే.

2024లో వచ్చిన మైదాన్ సినిమా మీలో చాలామంది చూసుంటారు. అజయ్ దేవగణ్ వేసింది సయ్యద్ అబ్దుల్ రహీమ్ పాత్ర. రహీమ్ సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. మావయ్య "పోలీసోళ్ళు" అన్నది వీళ్ళనే! బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెల్చుకుంది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్ని ఓడించింది. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా. ఆ కలకత్తాని లాఠీ పట్టుకునే కానిస్టేబుళ్ళు ఓడించారు. రాష్ట్రం ఏర్పడ్డాక ఆ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. మావయ్య హైదరాబాద్ చేరేనాటికి దాని పేరు అదే.

రహీమ్ సాబ్ దేశం జట్టుకి కూడా కోచ్‌గా ఉన్నాడు. ఆయన చేతిలో మనవాళ్ళు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. అప్పటికి మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీద 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్ళారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్ళు ఎంతమందో చూడండి. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది కూడా హైదరాబాద్‌లోనే.

ఇక 1962 జకార్తా. ఆతిథ్య దేశం ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకి వీసాలు ఇవ్వలేదు. దాన్ని మన అధికారి ఒకాయన తప్పుపట్టాడు. దాంతో అక్కడి జనానికి మనవాళ్ళ మీద కోపం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఆడుతుంటే, లక్షమంది కూర్చున్న గ్యాలరీ అంతా మనకి వ్యతిరేకంగా అరిచింది. అంతకుముందే మొదటి మ్యాచ్‌లో అదే కొరియా మనల్ని ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు వేసుకుని ముందు వరసలో ఆడాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారు పతకం మనదే. ఆ పక్కన నిలబడ్డ కోచ్‌కి ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో కుర్రాళ్ళకి వింత పోటీలు పెట్టేవాడట. ఒకదాంట్లో బంతిని కాలి దగ్గర పెట్టుకుని లాక్కెళ్ళకూడదు, వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే కొట్టాలి. కుడికాలివాటం వాడైతే ఎడంకాలితో మాత్రమే! ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా వీధి అరుగు మీద నుంచి వచ్చిన అరుపు ఇదే కదా! మావయ్య రహీమ్‌ని చూశాడో లేదో నాకు తెలీదు. చూసే అవకాశం తక్కువే. కానీ గ్యాలరీలో పక్కన కూర్చున్నవాడు అరిచి ఉంటాడు, వాడికి వాళ్ళ అన్న నేర్పి ఉంటాడు. అట్లా ఒక మాస్టారి పాఠం మెట్టు మెట్టూ దిగి, రైలెక్కి, కామవరపుకోట వీధిలోకి వచ్చింది. మేం దాన్ని ముసలాయన చాదస్తం అనుకున్నాం.

మరి ఇంత ఆట ఏమైపోయింది అంటారా? ఒకే కారణం లేదు. రహీమ్ లాంటివాడు మళ్ళీ రాలేదు. మంచి ఆటగాళ్ళని కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. 1966లో హబీబ్, నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. తప్పు వాళ్ళది కాదు, పెద్ద ఆట, బతుకుతెరువు అక్కడున్నాయి. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకి నయీముద్దీన్ కెప్టెన్. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2 చేస్తే, అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. 1983 తర్వాత దేశమంతా క్రికెట్ వైపు తిరిగింది. ఇక్కడి మెట్లు ఇక్కడే ఉన్నాయి, అరుపులు వేరే ఊరికి పోయాయి.

ఒక్కసారి తిరిగొచ్చే అవకాశం కూడా వచ్చింది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో పెట్టారు. అఫ్ఘానిస్తాన్ మీద ఆఖరి నిమిషాల్లో క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛేత్రి గోల్‌తో గెలిచారు. ఫైనల్ ఇదే ఎల్బీ స్టేడియంలో జరగాలి. వాన పట్టుకుంది. మైదానం బురదైపోయింది. ఫైనల్‌ని ఢిల్లీకి మార్చారు. అక్కడ ఛేత్రి మూడు గోల్స్ కొట్టాడు, తజికిస్తాన్‌ని 4-1తో ఓడించి, 1984 తర్వాత మళ్ళీ ఆసియా కప్‌కి అర్హత సాధించాం. ఆ రాత్రి ఈ మెట్ల మీద జరగాల్సింది. మావయ్య బతికే ఉన్నాడప్పటికి. ఊళ్ళో టీవీలో చూశాడో లేదో కూడా నేను అడగలేదు.

కొంచెం బయటి ప్రపంచంలోకి వెళ్ళొద్దాం. మీలో లివర్‌పూల్ అభిమానులు ఉన్నారు, కామెంట్లలో చూస్తుంటాను. ఆన్‌ఫీల్డ్‌లో గోల్ వెనకుండే గ్యాలరీ పేరు కాప్. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? దక్షిణాఫ్రికాలో స్పియన్ కాప్ అని ఒక కొండ. 1900 జనవరిలో అక్కడ బోయర్లకీ ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం జరిగింది. చనిపోయిన ఇంగ్లీషు సైనికుల్లో లివర్‌పూల్ వైపు వాళ్ళు చాలామంది. 1906లో ఎత్తుగా కొత్త గ్యాలరీ కడితే, ఆ కొండలా ఉందని ఒక పత్రికాయన ఆ పేరు పెట్టాడు.

ఇప్పుడు మన సంగతి. ఆ కొండ మీంచి గాయపడ్డవాళ్ళని డోలీల్లో మోసింది ఎవరు? గాంధీ గారు కూడగట్టిన భారతీయుల దళం. సుమారు 1100 మంది. వాళ్ళలో 800 మంది దాకా ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వెళ్ళిన దగ్గర్నుంచి నేటాల్ చెరకు తోటలకి పోయినవాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళు వేలమంది. కాబట్టి ఆ డోలీల కింద తెలుగు భుజాలు ఉండే ఉంటాయని నా నమ్మకం. పేర్లు మాత్రం ఎవరూ గ్యాలరీకి పెట్టలేదు. కొండ పేరు మిగిలింది, మోసినవాళ్ళ పేర్లు పోయాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మెట్లంటే సరదా ఒక్కటే కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌కి వెళ్ళిన 16 మంది గ్యాలరీ గొడవలో, తొక్కిసలాటలో చనిపోయారు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్ హిల్స్‌బరోలో, కంచెలున్న గ్యాలరీలోకి పట్టనంతమందిని వదిలితే 97 మంది నలిగిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొదట తప్పంతా అభిమానులదే అన్నారు. నిజం ఒప్పించడానికి కుటుంబాలకి పాతికేళ్ళు పైనే పట్టింది. ఆ తర్వాతే అక్కడి పెద్ద స్టేడియాల్లో నిలబడి చూడ్డం తీసేసి అందరికీ సీట్లు వేశారు. ఈసారి మీరు స్టేడియానికి వెళ్ళినప్పుడు సీటు నంబరు వెతుక్కోవడం విసుగనిపిస్తే, బయటికెళ్ళే దారి ఎక్కడుందో కూడా ఒకసారి చూసుకోండి. ఆ గుర్తులు ఊరికే రాలేదు.

సరే, మళ్ళీ మన మెట్ల మీదకి. ఎండ పెరిగింది. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "నాన్న ఎక్కడ కూర్చునేవాడో ఏమో." నా దగ్గర జవాబు లేదు. ఏ వైపు గ్యాలరీ, టికెట్టు ఎంత, హోటల్లో సెలవు ఎట్లా అడిగేవాడు, ఎవరితో వచ్చేవాడు, ఏ ఆటగాడంటే ఇష్టం. ఏ పుస్తకంలోనూ ఇవి లేవు. రహీమ్ గురించి సినిమా వచ్చింది. ఉమ్రీగర్ పరుగులు రికార్డుల్లో ఉన్నాయి. ముఖ్యమంత్రుల ప్రమాణాలకి వీడియోలు ఉన్నాయి. మెట్ల మీద కూర్చున్నవాడి చరిత్ర వాడి నోట్లోనే ఉంటుంది. వాడితోనే పోతుంది.

ఆటగాళ్ళు కూడా వెళ్ళిపోతున్నారు. రహీమ్ కొడుకు, 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్న ఎస్.ఎస్. హకీం 2021లో పోయారు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో. హబీబ్ గారు అదే ఏడాది ఆగస్టు 15న. వాళ్ళ ఆట చూసినవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉంటారు. మన ఇళ్ళల్లో, అరుగుల మీద, మనం ఫోన్ చూసుకుంటుంటే పక్కనే కూర్చుని ఉంటారు.

మేం దిగుతుంటే కింద ఆడుతున్న పిల్లల బంతి మా వైపు దొర్లుకుంటూ వచ్చింది. బావ దాన్ని ఆపి, ఒక్క క్షణం ఆలోచించి, ఎడం కాలితో తన్నాడు. అది ఎటో పక్కకి పోయింది. పిల్లలు పగలబడి నవ్వారు. "నాన్న ఉంటే తిట్టేవాడు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. గేటు దాటేదాకా మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. అమ్మని కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, మావయ్య గురించి అడిగాను. నలభై నిమిషాలు చెప్పింది. ఆయన హైదరాబాద్ నుంచి రాసిన ఉత్తరాల్లో ఆదివారం కబుర్లే ఎక్కువుండేవట. జీతం సంగతి అడిగితే "పోలీసు జట్టు గెలిచింది" అని రాసేవాడట. మా తాతయ్య ఆ ఉత్తరం చదివి "వీడు పనికెళ్ళాడా, ఆటకెళ్ళాడా" అని విసుక్కునేవాడట. ఉత్తరాలు లేవు, చెదలు తినేశాయి. అయినా నాకు అది చాలు. ఆ వాక్యంలో ఇంకో రెండు మాటలు దొరికాయి.

మీరూ ఒకటి చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని రాజుల గురించి కాదు, వాళ్ళు ఏ గ్యాలరీలో కూర్చున్నారో అడగండి. సినిమా హాల్లో నేల టికెట్టు కావచ్చు, ఏలూరు స్టేడియం కావచ్చు, కోడిపందేల బరి కావచ్చు, తిరనాళ్ళలో నాటకం కావచ్చు. ఎవరి పక్కన కూర్చున్నారు, ఏమని అరిచారు, ఇంటికి ఎట్లా వెళ్ళారు. ఫోన్ మీ చేతిలోనే ఉంది. ఎర్ర బటన్ నొక్కడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాటలు మాకు పంపితే, ఒప్పుకున్నవాళ్ళవి ఒక ఎపిసోడ్‌గా చేద్దాం.

ఉంటానండీ మరి. వచ్చేసారి గుంటుపల్లి కొండెక్కుదాం. అక్కడి మెట్లు ఎవరు అరగదీశారో చూద్దాం.